పక్కవాడి ఈటె

గల్ఫ్‌లో మెసయీద్ లేబర్ క్యాంపులో నా గదిలో ఉన్న పెద్దాయనది జగిత్యాల వైపు. ఇద్దరం ఒకే రేకుల షెడ్డులో వెల్డర్లం. సెలవు రోజున ఆయన ఫోన్‌లో వైకింగుల యుద్ధాలు చూసేవాడు. చూసింది నాకు చేసి చూపిస్తే తప్ప ఆయనకు తోచేది కాదు.

అన్నం గిన్నె మూత నా చేతికిచ్చేవాడు. వాళ్ళ డాలుకూ పిడి నడుమనే ఉంటుందట. వాళ్ళ గొడ్డలి కింది అంచు కొక్కెంలా ఉంటుందట. గరిటె వంపును మూత అంచుకు తగిలించి లాగేవాడు. నా ఛాతీ బయటపడేది.

"గొడ్డలి నరికెటందుకే గాదు తమ్మీ, డాలు గుంజెటందుకు. గుంజినోని చేతులు ఖాళీగుండయ్. పొడిసేటోడు పక్కోడు, ఈటెతోని."

"పక్కవాడు పొడవకపోతే?"

"ఇగ గుంజినోడే సస్తడు," అని నవ్వేవాడు.

ఒక వేసవిలో ఆయన షెడ్డులో స్పృహ తప్పి పడిపోయాడు. చూసింది నేనొక్కణ్ణే. ఆ వేడిలోంచి డ్యూటీ మార్చమని అడగడానికి నన్ను వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. పడటం ఎవరు చూశారని మేనేజరు అడిగాడు. పెద్దాయన నావైపు తిరిగాడు. నా వీసా పొడిగింపు కాగితం సంతకం కాకుండా ఆ బల్ల మీదే ఉంది. నేను నేల చూశాను.

బయటికొచ్చాక ఆయన, "యల్లా తమ్మీ, బువ్వ వండుదాం," అన్నాడు. మూత మాత్రం మళ్ళీ నా చేతికివ్వలేదు.

రెండు వారాలకు షెడ్డులోనే మళ్ళీ పడ్డాడు. ఈసారి లేవలేదు.

ఇంతకుముందెప్పుడైనా ఇలా పడ్డాడా అని ఆసుపత్రిలో అడిగారు. పడ్డాడని, నేను చూశానని చెప్పాను.