పోరికి మాట నేర్పిన మా మరిది

మా మరిది పోయాడు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఛాతీలో మంటగా ఉందంటూ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆటో వచ్చేసరికి మనిషి లేడు. బాన్సువాడ చుట్టూ కాలువ నీళ్లతో పండే పొలాల రైతులందరికీ ఆయన తెలుసు. లష్కర్ పని చేశాడు. అంటే కాలువ తూముల షటర్లు ఎత్తి దించే పని. జీవితమంతా గట్టు మీదనే గడిచింది. అయినా శవాన్ని చూడవచ్చిన వాళ్లలో సగం మంది ఆయన ఎట్లా పోయాడని అడగలేదు. “కోతి ఏది? గా మాట్లాడే కోతి ఏడుంది?” అని అడిగారు. ఒకడైతే ఫోన్ పట్టుకొని పశువుల కొట్టం దాకా పోయాడు. వాణ్ని చీపురుతో తరిమాను.

నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. నడుమ నడుమ “అత్తమ్మా, గిది గూడ రాయాల్నా?” అని కలం ఆపుతోంది. అన్నీ రాయమన్నాను. చచ్చినవాణ్ని పొగిడి పేరు తెచ్చుకోవాలని కూర్చోలేదు నేను. పదిమంది ముందర అనవలసిన ఒక మాటను మింగేశాను. సిగ్గుపడుతూ చెప్తున్నాను. చదివేవాళ్లే తీర్పు చెప్పండి.

అది కోతి కాదు, కొండెంగ, కొండముచ్చు అంటారే అది. నల్ల మొఖం, పొడుగు తోక. కాలువ గట్టు దగ్గర కరెంటు తీగ తగిలి తల్లి చచ్చిపడి ఉంటే, పిల్ల దాని పొట్టను పట్టుకొని వదలలేదట. మా మరిది తువ్వాలలో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఆయన భార్య ఎన్నడో పోయింది, పిల్లల్లేరు. మా ఇంటి వాకిట్లోనే ఒక అర్రలో ఉండేవాడు. అప్పటికి మా కోడలు బాలింత. మనవడు ఉయ్యాలలో ఉన్నాడు.

రుద్రూర్ వ్యవసాయ ఫారంలో ఏదో పని మీద పోయినప్పుడు అక్కడి సారు ఒకాయన ఈయనకు ఒక ముచ్చట చెప్పాడట. పరాయి దేశంలో చదువుకున్న మొగుడూ పెళ్లాలు తోకలేని వానరాన్ని తెచ్చి, తమ బిడ్డతో పాటే పెంచి, దానికి మాట వస్తుందేమో చూశారని. అది ఈయన తలలో పడింది.

“వదినె, మనింట్ల గూడ ఇద్దరున్నరు. ఎవరికి ముందు మాట వస్తదో సూద్దాం” అన్నాడు.

“తోకలేనిదాన్ని తెచ్చుకున్నరు వాళ్లు. నువ్వు తోకున్నదాన్ని తెచ్చినవు. నీకు చదువు గూడ తోకంతే ఉన్నది” అన్నాను. నవ్వాడు. ఆయనకు కోపం వచ్చేది కాదు. అదే నాకు కోపం.

దానికి పోరి అని పేరు పెట్టాడు, ఆడపిల్ల అని. మొదట నోటి మాట నేర్పబోయాడు. గిన్నె చూపించి “అన్నం, అన్నం” అంటే పోరి ఆయన నోట్లోకి వేలు పెట్టి, ఆ అన్నం ఎక్కడ దాచాడోనని వెతికేది. అప్పుడు లష్కర్ల సైగలు మొదలుపెట్టాడు. దూరం నుంచి కేక వినపడదు కదా, గట్టు మీద అందరికీ చేతులతోనే మాట. తువ్వాల తల మీద గిరగిర తిప్పితే షటరు ఎత్తమని. చేతులు అడ్డంగా కత్తెరేస్తే బందు చేయమని. అరచేయి కిందికి తట్టితే తగ్గించమని. ఆ సైగలనే అన్నానికీ నీళ్లకూ ఆటకూ వాడాడు. పోరి నేర్చింది. చెంబు ముందర కూర్చొని చేయి గిరగిర తిప్పేది. నీళ్లు చాలితే కత్తెరేసేది. మహమ్మద్ నగర్ నుంచి చుట్టాలు వస్తే వాళ్ల మొఖం చూసి వెంటనే కత్తెర. అంటే, పొండి అని.

ఒకసారి పొద్దున్నే ఆయన ఎర్ర తువ్వాల ఎత్తుకొని గట్టెక్కి తిప్పింది. పై తూము దగ్గరి మనిషి చూసి షటరు ఎత్తాడు. కోసి పరిచిన వరి మీదికి నీళ్లు వచ్చాయి. రైతు మా వాకిట్లో నిలబడి తిట్టని తిట్టు లేదు.

“కోతి ఎత్తుమంటే ఎత్తుతవారా నువ్వు?” అని ఆ రైతు తూము దగ్గరి మనిషిని అడిగితే, “తువ్వాల ఊగింది, ఎత్తిన. అంత దూరంకెళ్లి మొఖాలు సూస్తరా?” అన్నాడు.

మా మరిది పొలంలో దిగి పొద్దుగూకే దాకా తడిసిన పనలు గట్టుకు మోశాడు. బురద కాళ్లతో వచ్చి, నేను మొఖం తిప్పుకుంటే, మెల్లగా అన్నాడు: “తప్పే వదినె. కని సూడు, కొండెంగ చెప్తే మనిషి పని చేసిండు.”

ఊరికి అది నవ్వుల ముచ్చట. వర్ని దాకా పాకింది. నాకు మాత్రం సంతకు పోవాలంటే తల ఎత్తబుద్ధి కాలేదు. “కోతి సారు వదినె వచ్చింది” అనేవారు. కాలువ నీళ్ల కోసం ఆఫీసర్ల జీపుకు అడ్డం పడుకున్నదాన్ని నేను. ఆ పిలుపు వినపడితే మాత్రం కొంగు కప్పుకొని పక్క సందులోకి తిరిగేదాన్ని.

మనవడికేమో మాట ఆలస్యమైంది. ఆకలైతే అన్నం అనకుండా చేయి తిప్పేవాడు. మా కోడలు గోడు గోడున ఏడ్చింది. “నా కొడుకును గూడ కొండెంగను చేసిండ్రు” అంది. (ఇది కూడా రాయమన్నాను. రాసింది.) ఆ రోజు మా మరిది నవ్వలేదు. మర్నాటి నుంచి పోరిని తన అర్రలోనే ఉంచుకున్నాడు. పిల్లవాడికి మాట వచ్చింది, ఇప్పుడు వద్దన్నా ఆపడు. పోరికి సైగల దగ్గరే ఆగిపోయింది.

“అడుగుడు అందరికి వస్తది వదినె, కుక్కకు గూడ వస్తది. ఏం అక్కెర లేకుండ ఊరికెనే ఒక ముచ్చట చెప్పాలె. గది భాష” అనేవాడు. దాని ముందర కూర్చొని ఆ ముచ్చట కోసం చూసేవాడు. అది వచ్చినట్టు నాకు తెలియదు.

తర్వాత ఒక ఎండకాలం మా చింతచెట్ల మీదికి కొండెంగల గుంపు దిగింది. పోరి ఉరికిపోయింది. చెట్టు కింద నిలబడి వాటికి చేయి తిప్పింది, అరచేయి తట్టింది, తనకు వచ్చిన సైగలన్నీ చేసింది. అవి పళ్లికిలించి మీదపడ్డాయి. చెవి చిరిగి నెత్తురు కారుతూ వచ్చి ఆయన ఒళ్లో ముడుచుకుంది. పసుపు అద్దుతూ ఆయన అన్న మాట నేను మరువను.

“నేనే దీన్ని ఎటు కాకుండ చేసిన వదినె. మనిషి గాదు, కొండెంగ గాదు. ఇగ దీని మెడకు తాడు గూడ కడితే నేను మనిషినే గాదు.”

తాడు మాట ఎందుకొచ్చిందంటే, కోతులు పడి మక్క చేన్లు, అంటే మొక్కజొన్న చేన్లు, దక్కడం లేదు. కొండెంగను తాడుతో కట్టేస్తే కోతులు దగ్గరికి రావని అందరూ అదే చేస్తున్నారు. మా కొడుకు కూడా అడిగాడు. “కాకా, పోరిని రెండు నెలలు చేన్ల కడ్త” అని. మా మరిది చేతులు కత్తెరేసి చూపించాడు. అంతే.

ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. తెలియనివాళ్లకు చెప్తున్నాను. చచ్చినవాడికి ఇష్టమైనవి వండి ఆరుబయట పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో కోరిక ఉందని లెక్క. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ఆ కోరిక తీరుస్తామని పైకి మాట ఇస్తారు. సరైన మాట పడితే కాకి దిగుతుందంటారు.

అన్నం, కోడికూర, కల్లు సీసా పెట్టాం. కాకి తుమ్మకొమ్మ మీద కూర్చుంది. దిగదు. “నీ సమాధి కట్టిస్త కాకా” అన్నాడు మా కొడుకు. దిగలేదు. “నీ భార్య పేరు మీద అన్నం పెడ్తం” అన్నారు ఎవరో. దిగలేదు. “ఏం మనసుల వెట్టుకున్నడో! ఇంటికి పెద్దదానివి, నువ్వు చెప్పు అక్కా” అని మా తమ్ముడు నా దిక్కు చూశాడు. అందరూ చూశారు.

నాకు తెలుసు. పోరికి తాడు కట్టం, నేను చూసుకుంటాను. ఇంతే మాట. కానీ అక్కడ నిలబడ్డ చుట్టాల మొఖాల్లో ఆ నవ్వు నాకు ముందే కనిపించింది. ఆయన పోయాడు, ఇగ ముసల్దానికి పట్టింది కోతి పిచ్చి అనరా? కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తోందనుకొని నన్ను పక్కకు కూర్చోబెట్టారు. చివరికి ఆ విస్తరి ఎత్తి కాలువలో వదిలారు.

పదకొండో రోజు దాటగానే మా కొడుకు పోరిని తోలుకుపోయాడు. మాకంటే ముందే కావాలన్న వర్ని రైతు చేనులో కట్టాడు, తర్వాత మా చేను వంతు. నేను ఆపలేదు. పిట్ట ముందర ఆగిపోయిన మాట ఇంట్లో మాత్రం ఎట్లా వస్తుంది? రెండు రోజులు అన్నం దిగలేదు. మూడో రోజు ఆటో ఎక్కి పోయాను.

మక్క చేను నడుమ గుంజకు పోరి. నన్ను చూసి చేతులు కత్తెరేసింది. దించింది. మళ్లీ కత్తెరేసింది. ఆ రైతు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల మనిషి, మంచివాడు. “పొద్దున్నుంచీ ఇదే వరసండీ అమ్మగారూ. దారిన పోయే ప్రతివాడికీ చేతులు అలా అడ్డం పెడుతోంది. ఏమంటోందండీ?” అని అడిగాడు.

“బందు చెయ్యుమంటుంది” అన్నాను. ముడి నా గోళ్లకు రాలేదు. కొడవలి తెమ్మని అరిచాను. ఆయనే తెచ్చి కోశాడు.

పోరిని ఇంటికి తెస్తే మా కొడుకు గొంతు లేపాడు. “మరి మక్క ఎవరు కాస్తరే అవ్వా?”

“నేను కాస్త. కట్టె వట్టుకొని చేన్ల నేను కూసుంట. కోతులకు నల్లమొఖం గావాల్నంటే మసి పూసుకుంట.”

వాడు తల గోక్కుంటూ బయటికి పోయాడు. చచ్చినవాడికి మాట ఇచ్చే రోజు దాటిపోయింది. అది మళ్లీ రాదు. అందుకే బతికున్న మీకు ఇస్తున్నాను. పోరి మెడకు నా ఇంట్లో తాడు పడదు. ఫారెస్టువాళ్లు వచ్చి, అడవి జీవిని ఇంట్లో పెంచడమే తప్పంటే, నిజమే, తప్పే, ఒప్పుకుంటాను. తీసుకుపోతే అడ్డం పడను. తాడు లేకుండా తీసుకుపోవాలి, ఎక్కడ వదులుతారో నన్ను వెంట తీసుకుపోయి చూపించాలి.

ఇప్పుడు రోజూ సాయంత్రం తాడు ఒరిసిన చోట నూనె రాస్తున్నాను. నిన్న రాయడం అయ్యాక పోరి వెనక్కి వచ్చి కూర్చొని, నా తల మీది కొంగు తీసేసి, తెల్లవెంట్రుకలు పాయలు పాయలుగా విడదీసి పేలు చూడసాగింది. అప్పుడే సంతనుంచి జనం తిరిగొస్తున్నారు. గేటు దగ్గర ఎవరో ఆగారు, ఎవరో నవ్వారు. నేను లేవలేదు. తల ఇంకాస్త వంచి దానికి అందేటట్టు కూర్చున్నాను.