నలభై ఒకటో వరస

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. శనివారం పొద్దున ఏడున్నరకి అరకు నుంచి ఫోను వచ్చింది. చేసింది నేను చదివిన ఆశ్రమ పాఠశాల వంటామె. "మాస్టారు ఎలిపోనారమ్మా. నువ్వు బేగి వచ్చీ" అని పెట్టేసింది.

విలేకరిగా చావు వార్త వినగానే వయసు, ఊరు, కారణం అడిగి రాసుకోవడం నాకు అలవాటు. ఆ పొద్దున ఏదీ అడగలేదు. ముందు తట్టింది ఒక్కటే. బడి బుక్కులో నలభై ఒకటో వరస ఇంకా ఖాళీగానే ఉంది. అది నేను నింపాల్సిన వరస. ఇరవై రెండేళ్ళుగా నా పేరు మీదే ఉంది.

ఆ బుక్కు సంగతి చెప్పాలి.

మాది బాలికల ఆశ్రమ పాఠశాల. అరకు నుంచి అనంతగిరి వెళ్ళే దారిలో, రైలు పట్టాలకి కొంచెం ఎగువన ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మాస్టారు శ్రీకాకుళం వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. మొదటి రోజు బోర్డు మీద ఇంగ్లీషులో 'లైన్' అని రాసి అర్థం అడిగారు. అందరం ఒక్క గొంతుతో "గీత" అన్నాం.

"సరే. నిన్న నేను రైలు దిగితే స్టేషన్లో జెండా పట్టుకున్నాయన 'లైన్ రానేదు, బండి కదల్దు' అన్నాడు. గీత రానేదా?"

ఆయన బోర్డు మీది మాట కింద సుద్దతో గీత గీశారు.

"ముందు స్టేషను నుంచి బండికి దారి ఇచ్చినట్టు కబురు రావాలి. దాన్నీ లైన్ అంటన్నారు. ఒక్క మాట. ఈ కొండల్లో ఇంకెంతమంది ఇంకెన్ని రకాలుగా అంటన్నారో ఎవులికైనా తెలుసా?"

తనకీ తెలీదని ఆయనే చెప్పారు. తెలుసుకుందామన్నారు. అది చెబుతున్నప్పుడు ఆయన చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. చూసుకోలేదు. ఆయనకి ఉత్సాహం వస్తే చేతిలో ఏదున్నా విరిగేది.

మర్నాడు ఒక లాంగ్ నోట్‌బుక్కు తెచ్చి, తాడు కట్టి, కిటికీ ఊచకి వేలాడదీశారు. పేజీకి నాలుగు గడులు గీశారు. అర్థం ఏమిటి, ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఏం చేస్తూ అన్నారు. నియమాలు మూడు. మనిషి నోట విన్నదే రాయాలి, చదివింది పనికిరాదు. మాట ఒంటరిగా రావాలి, ముందూ వెనకా ఇంకో ఇంగ్లీషు మాట అంటుకుని ఉండకూడదు. బుక్కులో ఉన్నది మళ్ళీ తేకూడదు.

సంత రోజు మమ్మల్ని తీసుకుని వెళ్ళేవారు. ఒక్కొక్కరం ఒక్కొక్క మనిషిని పట్టుకుని మాట్లాడించాలి. వారం తిరిగేసరికి పేజీ నిండింది. కాఫీ తోటలో పనిచేసే ఆమె "మాది మూడో లైన్" అంది, అంటే కూలీల ఇళ్ళ వరస. జీపు డ్రైవరు "పాడేరు లైన్లో నేను తిరగను" అన్నాడు. కరెంటు స్తంభం కింద నిలబడ్డ మనిషి "లైన్ ఇయ్యకండి, పైన మనిసున్నాడు" అని అరిచాడు. అడవి కాపలా ఆయన, మంట పాకకుండా తుప్పలు నరికి చదును చేసిన బాటని లైన్ అన్నాడు. తాపీ మేస్త్రి తన దారాన్ని లైన్ అన్నాడు. రేషన్ వరసలో నిలబడి మా అమ్మే అంది, తనకి ఇంగ్లీషు రాదనుకుంటూ. దాన్నీ నాకన్నా ముందు ఇంకో పిల్ల పట్టేసింది.

పై తరగతులన్నీ కలిసి కూర్చున్న రోజు పదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, బస్టాండులో కండక్టరు తన స్నేహితుడితో "ఆ గుంటకి లైన్ ఏస్తన్నావా?" అన్నాడని చెప్పింది. గది గదంతా బల్లల మీద పడి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. పెన్ను మూత పళ్ళతో లాగి, "ఎవరన్నారు? కండక్టరు. ఎక్కడ? బస్టాండు. ఏం చేస్తూ?" అనడిగారు.

"టిక్కెట్లు సింపుతూ మాస్టారూ."

"టిక్కెట్లు చింపుతూ" అని రాసుకుని బయటికి పరుగెత్తారు.

ఆ పరుగు ఎందుకంటే, బడి గంట కొట్టడానికి. మా గంట రైలు పట్టా ముక్క. వరండా దూలానికి ఇనప తీగతో వేలాడేది, కొట్టడానికి గుప్పెడంత రాయి గట్టు మీద ఉండేది. బుక్కులో కొత్త అర్థం చేరిన ప్రతిసారీ మాస్టారు దాన్ని ఒక్క దెబ్బ కొట్టేవారు. ఆ ఒక్క దెబ్బకి ఆరో తరగతి పిల్లలు భోజనం వేళ అనుకుని పళ్ళేలు పట్టుకుని బయటికొచ్చేసేవారు. వంటామె గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది.

"మాస్టారూ! అన్నం ఉడకనేదు, గంటేటి?"

"ఇంకోటి దొరికిందమ్మా!"

"దొరికితే మీరే తినండి!"

ఇక నలభై ఒకటి. మా ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. తెలుగు బడిలో నేర్చుకున్నాను. సంతలో నోరు తెరిస్తే నవ్వుతారని భయం. మూడు సంతలు చూస్తూ నిలబడ్డాను. నాలుగో సంతలో చింతపండు బుట్టల వెనక కూర్చుని నేనే రాసేశాను. అర్థం: పసుపు కొమ్ములు ఎండబెట్టే వరస. ఎవరు: పసుపు అమ్మే ముసలామె. ఎక్కడ: సంత. ఏం చేస్తూ: కొమ్ములు పేరుస్తూ.

మాస్టారికి అది తెగ నచ్చింది. "పసుపుకీ లైనా!" అని రెండుసార్లు చదివారు. నలభై ఒకటో నంబరు వేసి ఎక్కించారు. గంట కొట్టారు. పిల్లలు పళ్ళేలతో వచ్చారు, వంటామె తిట్టింది. నేను బల్ల దగ్గరే కూర్చున్నాను.

మరుసటి సంతకి నన్ను పిలిచి, "పద, ఆ మాట నేనూ నా సెవితో వినాల" అన్నారు. ఆయన నన్ను అనుమానించలేదు. వినాలనే ఆత్రం, అంతే. ముసలామె ఎదురుగా గొంతుక్కూర్చుని, "అమ్మా, నువ్వు దీన్ని లైన్ అంటావట కదా, మళ్ళీ ఓసారి అను" అన్నారు.

ఆమె ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఏటి లైను బాబూ? మేం ఆరబెట్టుకుంటాం. లైనూ నేదు గైనూ నేదు. ఈ గుంటని నానెప్పుడూ సూడనేదు."

మాస్టారు లేచి నన్ను బడికి తీసుకొచ్చారు. గేటు లోపలికి వచ్చాక కిటికీ దగ్గరికి వెళ్ళి ఇంకు రబ్బరు తీసుకుని నాలుగు గడులూ తుడిచేశారు. నంబరు మాత్రం ఉంచారు. తుడిచిన చోట కాగితం పలచబడింది.

"రాత తుడిసీసేను. గంట కొట్టీసేను కదే, దాన్నెలాగ తుడుస్తావు?"

నేను ఏడుస్తున్నాను.

"ఏడవకు. ఈ నంబరు నీది. ఎవులికీ ఇయ్యను. నిజం తెచ్చిన రోజు మళ్ళీ కొడదాం."

ఆ తరవాత వరస నలభై రెండు నుంచి మొదలైంది. నలభై ఒకటి ఎందుకు ఖాళీ అని ఎవరడిగినా ఆయన చెప్పలేదు. "అది ఒకరికి అట్టే పెట్టేను" అనేవారు.

నేను విలేకరినయ్యాను. ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఏం చేస్తూ అన్నారు అని అడగడం నాకు ఏ ఆఫీసులోనూ కొత్తగా నేర్పాల్సి రాలేదు. మాస్టారు రిటైరయ్యాక కూడా సొంత ఊరికి వెళ్ళలేదు. బడికి దగ్గర్లో గది తీసుకుని, వారానికోసారి వెళ్ళి బుక్కు చూసుకునేవారు. తరవాత వచ్చిన టీచర్లు దాన్ని కిటికీ నుంచి తీయలేదు. వరసలు డెబ్బై ఆరు దాకా వచ్చాయి.

ఏడాదికి రెండు మూడుసార్లు నేను ఆయన దగ్గరికి ఒక అర్థం పట్టుకుని వెళ్ళేదాన్ని. డెడ్‌లైన్ తీసుకెళ్ళాను. "ముందు డెడ్ ఉంది. జంట మాటలు నాకొద్దు" అన్నారు. మా డెస్కులో వార్తని ఏ కోణంలో రాయాలో అడగాలంటే "లైన్ ఏంటి?" అంటారని తీసుకెళ్ళాను. యాభై ఎనిమిదో వరస చూపించారు. నాటకాలాడే ఒకాయన కథ గురించి అదే అన్నాడట, ఒక పిల్ల ముందే తెచ్చేసింది. ఒకసారి చాలా మంచిది దొరికిందని ఆశగా వెళ్ళాను.

"విన్నావా, చదివేవా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "చదివాను మాస్టారూ."

"అయితే టీ తాగెల్లు" అన్నారు, చాలా సంతోషంగా.

కిందటి బుధవారం ఆయన్ని అరకు ఆసుపత్రిలో చేర్చారని తెలిసి వెళ్ళాను. కళ్ళు మూసుకుని ఉన్నారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. గూడెం కొత్తవీధి నుంచి వచ్చి పనిచేస్తున్న చిన్న వయసు నర్సు ఆయన ఎడమ చేయి చూసింది, కుడి చేయి చూసింది, వేలితో తట్టింది. వెనక ఉన్న పెద్ద నర్సుతో, "లైన్ దొరకటం నేదక్కా" అంది.

మాస్టారు కళ్ళు తెరిచారు.

"ఏటన్నావమ్మా?"

"నొప్పెట్టిందా సార్?"

"నొప్పి సంగతి తరవాత. దొరకనిదేటి?"

"లైన్ సార్. నరంలోకి సూది ఎక్కించి మందు పైపు తగిలిస్తాం కదా, అదే."

ఆయన లేచి కూర్చోబోయారు. నర్సు భుజాలు పట్టుకుంది. ఆయన నా వైపు తిరిగారు. గొంతు సన్నగా ఉంది గానీ, నేను ఎనిమిదో తరగతిలో విన్న గొంతే.

"విన్నావా?"

"విన్నాను మాస్టారూ."

"సెవితో?"

"చెవితోనే."

"ఒంటి మాటేనా?"

"ఒంటి మాటే."

"మన బుక్కులో నేదు కదా?"

డెబ్బై ఆరూ మనసులో తిరగేశాను. "లేదు."

"నలభై ఒకటి!" అన్నారు. పక్క మంచం మీదాయన తన నంబరు పిలిచారేమోనని తల ఎత్తాడు.

"సార్, సెయ్యి కదిపితే దొరికే లైనూ పోతాది" అని నర్సు కోప్పడింది. అప్పుడు ఆయన నవ్వారు. మూడోసారికి కుడి మణికట్టు దగ్గర దొరికింది. ఆయన సూది వైపు చూడలేదు. నాకు పని చెబుతున్నారు.

"ఇప్పుడే రాసీకు. ఇంకో రోజు వచ్చి ఈ అమ్మాయిని మళ్ళీ అడుగు. అదే అంటే రాయి. గంట మరిచిపోకు."

ఆదివారం వెళ్ళి అడుగుదామనుకున్నాను. శనివారం ఫోను వచ్చింది.

అంత్యక్రియలకి బుక్కులో వరసలున్న వాళ్ళు చాలామంది వచ్చారు. ఒకరినొకరు పేర్లతో కాకుండా నంబర్లతో పలకరించుకున్నారు. "నేను పన్నెండు." "నాది ముప్పై, జీపు డ్రైవరు మాట." టిక్కెట్లు చింపుతూ అన్న మాట తెచ్చిన ఆమె ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. "నువ్వేనా నలభై ఒకటి?" అని నన్ను అడిగింది. అవునన్నాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. అదే నర్సు. విషయం చెప్పి మళ్ళీ అడిగాను.

"అన్నాను మేడం. రోజుకి పదిసార్లంటాం" అంది. "అదేటి, ఇది కూడా పేపర్లో ఏస్తారా?"

పేపర్లో కాదని చెప్పాను. పేరు, ఊరు రాసుకున్నాను. అక్కడి నుంచి బడికి వెళ్ళాను.

కిటికీ దగ్గర తాడు కొత్తది, బుక్కు పాతది. నలభై ఒకటో వరసలో కాగితం ఇప్పటికీ పలచగానే ఉంది, పెన్ను గట్టిగా నొక్కితే చిరిగేలా. మెల్లగా రాశాను. అర్థం: మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సూది, గొట్టం. ఎవరు: ఆసుపత్రి నర్సు, ఊరు గూడెం కొత్తవీధి. ఎక్కడ: మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. ఏం చేస్తూ: మాస్టారి చెయ్యి పట్టుకుని.

ఇరవై రెండేళ్ళలో గట్టు మీద రాయి మారలేదో, మారినా ఆ సైజుదే పెట్టారో తెలీదు. తీసుకుని పట్టా ముక్కని ఒక్క దెబ్బ కొట్టాను. ఎదురు కొండకి తగిలి తిరిగొచ్చేదాకా వినిపించింది.

వంటగదిలోంచి కేక వచ్చింది. "అన్నం ఉడకనేదు, గంటేటి?"

తరవాత ఆమే గుమ్మంలోకి వచ్చింది, గరిటతో. నన్ను చూసి ఆగిపోయింది. అప్పటికే ఆరో తరగతి పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరండాలోకి వచ్చేశారు.