చెట్టు మీంచి పడని రాజం

మేడిపల్లి రాజం ముప్పై ఎనిమిదేళ్లు తాటిచెట్లు ఎక్కాడు, ఒక్కసారి కూడా పడలేదు. ఈ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు, ఎందుకంటే రాజమే రోజూ చెప్పేవాడు. కల్లుకు వచ్చిన మనిషి మొదటి గుక్క మింగేలోపు ఈ మాట వినాల్సిందే. నమ్మితే నమ్మండి, ఒకసారి గాలిదుమారంలో చెట్టు కొన ఇటు కోరుట్ల దాకా వంగి అటు జగిత్యాల దాకా లేచిందట. అప్పుడు కూడా నోట్లో బీడీ ఆరకుండా కిందికి దిగాడట.

వినేవాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోయారు. తోటివాళ్లలో కొందరు చెట్టెక్కే మోకు మూలకు పడేసి దుబాయి పోయారు, కొందరు సిరిసిల్ల మగ్గాల్లో కుదిరారు. తాగేవాళ్లు సీసాలకు మళ్లారు. కల్లుగీత సంఘం అధ్యక్షుడు శ్రీశైలం సైతం బొజ్జ పెరిగి చెట్టెక్కడం మానేసి పదిహేనేళ్లయింది. చివరికి ఊరి మొత్తానికి చెట్టెక్కేవాడు రాజం ఒక్కడే మిగిలాడు.

అతనికి పిల్లలు లేరు. భార్య సమ్మవ్వ పోయి ఆరేళ్లు. ఆమె పోయిన ఏడాది, రోడ్డు పక్క తాటివనంలో అన్నిటికంటే ఎత్తయిన చెట్టుకు ఆమె పేరు పెట్టుకున్నాడు. అన్ని కోతలు కోసే మనిషి, ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే ఆ చెట్టెక్కి, మట్టల మధ్య కుదురుగా కూర్చుని, కల్లు లొట్టి మారుస్తూ ఆమెతో మాట్లాడేవాడు. పప్పులో ఉప్పెక్కువైందనో, పెంకులు జారి ఇల్లు కురుస్తోందనో. కింద వినే దిక్కు లేనప్పుడు మనిషి పైకెక్కి మాట్లాడతాడు, అందులో వింతేముంది?

మొన్న ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆ మాటల్లో పడి కత్తిని మట్టకే గుచ్చి మరిచిపోయాడు. మోకు సగమే సర్దుకున్నాడు. సర్కారు ఇచ్చిన బెల్టు కిట్టు ఇంట్లో కొక్కేనికి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా వేలాడుతోంది. సగం చెట్టు దాకా మాట్లాడుతూనే దిగాడు. మిగతా సగం మాటల్లేకుండా వచ్చాడు.

కుడి తొడ ఎముక విరిగింది. వనంలోకి ఎవరూ రారని అతనికి తెలుసు. మోచేతుల మీద పాక్కుంటూ రోడ్డు దాకా వచ్చి పడ్డాడు. కాసేపటికి పాలబండి అతను ఆగి, వంగి చూసి అడిగాడు.

"రాజన్నా, ఏందే? కారు గుద్దిందా?"

రాజం ఆ మనిషి ముఖం చూశాడు. పడ్డానని చెబితే సాయంత్రానికల్లా ఊరు ఎట్లా నవ్వుతుందో ఆ ముఖంలోనే కనిపించింది.

"ఔ," అన్నాడు. "కారే."

"ఏం కారు?"

"తెల్లది."

జగిత్యాల దవాఖానాలో అదే రాశారు. పోలీసులూ అదే రాసుకున్నారు. తొడలో కమ్మీ వేసి, ఇక జన్మలో చెట్టెక్కకూడదని చెప్పి, చేతికి కర్రనిచ్చి పంపించారు.

ఇంటికి వచ్చిన ఆదివారం మధుకర్ వచ్చాడు. సమ్మవ్వ తమ్ముడి కొడుకు, సిరిసిల్లలో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అంతకుముందు ఏడాదికోసారి, అదీ దారిన పోతూ, గుమ్మంలోనే నిలబడి పలకరించి పోయేవాడు. ఈసారి మంచం మీద కూర్చున్నాడు.

"మామా, కేసెయ్యాలె. ఊకుంటే ఎట్ల? నీ కాలు ఊకెనే పోయిందా?"

"ఎందుకురా అల్లుడా, పోనీ."

"పోనీ ఏంది? నాకు తెలిసిన వకీలు మేడం ఉంది, జమున మేడం. నేను తోల్కపోత."

ఆ మాటతో మధుకర్ మళ్లీ వస్తాడని రాజానికి అర్థమైంది. "మరి ఎప్పుడు పోదాం?" అన్నాడు.

జగిత్యాల కోర్టు ఎదుటి సందులో జమున గది. ఆమె ముప్పై దాటిన మనిషి, చురుగ్గా చూస్తుంది. తాను అడగాల్సింది అడిగాక, "మీరేమన్న అడిగేదుంటే అడుగుండ్రి," అంది.

రాజం చాలా అడిగాడు. సాక్షి లేకుంటే కేసు నిలుస్తుందా? ఎన్నాళ్లలో వేయాలి? చెట్లు గీసేవాడికి జీతం చీటీ ఉండదు, సంపాదన ఎట్లా చూపాలి?

"ఆరు నెలల్లోపల వెయ్యాలె. సంఘం కార్డు, గీత లైసెన్సు తెండ్రి, పని చూపెట్టొచ్చు. కాలు ఎంత పోయిందో దవాఖాన బోర్డు సర్టిఫికెట్ ఇస్తది. సాక్షి లేకున్నా బండి దొరికితే నడుస్తది."

"దొరకకుంటే?"

"గుద్ది పారిపోయిన బండ్లకు సర్కారు ఫండు ఉంది, గని కొంచెమే. దొరికితే ఇన్సూరెన్స్ కంపెనీ కడ్తది."

"అంటే డ్రైవర్ జేబుల కెళ్లి కాదా వకీలమ్మా?"

"కాదు."

రాజం గుండె తేలికపడింది. కంపెనీ అనేది కళ్లూ ముక్కూ లేని వస్తువు, దానికి దెబ్బ తగిలితే ఎవరూ ఏడవరు. డ్రైవరు మీద పోలీసు కేసు సంగతి ఏమిటని మాత్రం అతను అడగలేదు. అడగనిదానికి ఆమె జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ మధుకర్ వచ్చాడు. పావుకిలో మటన్ తెచ్చేవాడు, తనే వండేవాడు. తిన్నాక ఫోను తీసి, "యాదికి తెచ్చుకో మామా, కారు ఎట్లుండె?" అనేవాడు. ఏమీ గుర్తు రాకపోతే పిల్లాడు రావడం మానేస్తాడేమోనని రాజానికి బెంగ. వారానికొక్కటి చొప్పున గుర్తు తెచ్చుకున్నాడు. ఒక వారం, కారు నెత్తిన ఎర్ర క్యారియరు. ఇంకో వారం, క్యారియరు వెనక రొట్టెల పెనమంత సొట్ట.

ఇవి పూర్తిగా కల్పన కావు. అదే అసలు చిక్కు. రోజూ పొద్దున ఆరింటికి సమ్మవ్వ చెట్టు కొన మీంచి చూస్తే, కోరుట్ల వైపు నుంచి ఒక తెల్ల కారు వెళ్లేది. ఆ వేళప్పుడు అతనికి కనిపించే కదిలే వస్తువు అదొక్కటే. "అగో, పోతున్నడు మనోడు," అని సమ్మవ్వకు చూపించేవాడు కూడా. ఇప్పుడు అబద్ధానికి సామాను కావలసి వస్తే చేతికి దొరికింది ఆ కారే.

మధుకర్ చేరవేసిన ఆ గుర్తులతో పోలీసులు ఊరి చివరి దుకాణం డాబా మీద ఉన్న కెమెరాలో వెతికారు. ఆ రోజు ఆరుంపావుకు తెల్ల కారు, ఎర్ర క్యారియరు, సొట్ట. కోరుట్ల ఫహీమ్‌ది. కిరాయికి తిప్పుకునే కుర్రాడు. కారు స్టేషన్లో పెట్టారు, లైసెన్సు తీసుకున్నారు. మధుకర్ ఫోన్లో అరిచినంత పని చేశాడు. "దొరికింది మామా! మన కేసు ఖాయం!"

రాజం ఆ రోజు అన్నం తినలేదు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం బస్సు దిగి ఒక ముసలామె వచ్చింది. నల్ల బురఖా, చేతిలో గుడ్డ సంచి. చెప్పులు గుమ్మం బయటే విడిచింది.

"రాజం భాయ్ ఇల్లు ఇదేనా? నేను ఫహీమ్ తల్లిని, బషీరున్నీసా."

రాజం లేవబోతే కర్ర జారింది. ఆమే అందించింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాడు. ఆమె సంచిలోంచి నాలుగు అరటిపళ్లు తీసి మంచం మీద పెట్టింది.

"కాలు నొస్తున్నదా?"

"రాత్రిపూట కొంచెం."

"నా కొడుకు నిద్ర పోతలేడు భాయ్. ఫస్ట్ నేను గుద్దలే, నేను గుద్దలే అన్నడు. ఇప్పుడు ఏమంటుండంటే, అమ్మీ, నేను ఫోన్ చూస్తుంటినేమో, తెల్వకుంట తాకిందేమో అంటుండు. కారు వాపస్ వస్తదంటే వద్దంటుండు. మొన్న దోస్తు ఆటోల కూసోబెడితే హ్యాండిల్ ముట్టకుంటనే దిగి వచ్చిండు."

రాజం అరటిపళ్ల వంక చూస్తూ ఉన్నాడు.

"ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. ఆ సొట్ట మా బక్రీదు పండుగకు మేకను క్యారియర్ మీద కట్టినప్పుడు పడ్డది. ఆ కారు రోజూ తుడిచేది నేనే. నాకే స్టూల్ ఎక్కితే గని అది కనబడది. కింద పడ్డోనికి బంపర్ కనబడాలె, నంబర్ కనబడాలె. నెత్తి ఎట్ల కనబడ్డది?" ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు యాడికెళ్లి చూసినవ్ భాయ్?"

పోలీసులకు తట్టలేదు, వకీలుకు తట్టలేదు. స్టూలెక్కి కారు తుడిచే తల్లికి తట్టింది. తలుపులోంచి రోడ్డు పక్క వనం కనిపిస్తోంది, చెట్లన్నిటికీ పైన సమ్మవ్వ తల. బషీరున్నీసా చూపు అటే వెళ్లింది, మళ్లీ చెట్లెక్కి చెట్లెక్కి అతని మోకాళ్ల మీద కాసిన నల్లటి కాయల దగ్గర ఆగింది.

"నాకు కోర్టు గీర్టు తెల్వది. నా కొడుకు ఎవర్నీ గుద్దలేదని వానికి ఒక్క మాట చెప్పు, చాలు."

ఆమె ఫోనులో నంబరు నొక్కి ముందుకు చాచింది. అవతల గొంతు "అమ్మీ?" అంది.

ముప్పై ఎనిమిదేళ్ల మాట రాజం నోట్లో రాయిలా నిలబడింది. దాని వెనకే మధుకర్ ఆదివారాలు నిలబడ్డాయి.

"బిడ్డా ఫహీమ్," అన్నాడు చివరికి. "నేను రాజంను. నన్ను ఏ కారూ గుద్దలే. నేను చెట్టు మీదికెళ్లి పడ్డ."

అవతల ఏడుపు వినిపించింది.

మర్నాడు జగిత్యాలలో జమున విని, చేతిలో కలం బల్ల మీదికి విసిరింది.

"మీరు అడిగిన అన్నిటికీ జవాబు చెప్పిన కదా! దీనికేం చెప్పాలె? దొంగ కేసు అంటే నా పేరు కూడా పోతది." కొంచెం చల్లారాక, పోలీసులకు ఇవ్వాల్సిన వాంగ్మూలం తనే రాసింది. "ఇది ఇస్తే ఆ పిల్లగాని కారు, లైసెన్సు వాపస్ వస్తయ్. చెట్టు మీంచి పడ్డ గీతకార్మికునికి సర్కారు సాయం వేరే ఉంటది. దానికి ఎవరి తప్పు అని అడగరు. నేరుగ చెప్పి ఉంటే ఈపాటికి వచ్చేది. ఇప్పుడు దవాఖాన కాగితంల కారు అని ఉంది. చెట్టు కింద పంచనామా కావాలె. రావచ్చు, రాకపోవచ్చు."

సాయంత్రం మధుకర్‌కు తనే ఫోను చేశాడు.

"ఇన్ని ఆదివారాలు ఎందుకచ్చిన మామా నేను?"

"మటన్ మంచిగ వండినవురా అల్లుడా."

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ ఆదివారం మధుకర్ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఊళ్లో మాత్రం నవ్వాల్సినంత నవ్వారు, తర్వాత ఆ నవ్వూ అయిపోయింది. అది అయిపోయాకే రాజానికి ఎక్కువ వెలితిగా అనిపించింది.

పంచనామాకు ఎక్సైజు అధికారి, శ్రీశైలం, ఇద్దరు పెద్దమనుషులు వనానికి వచ్చారు. రాజం కర్ర పొడుస్తూ ముందు నడిచి చెట్టు చూపించాడు.

"నువ్వు దీన్నే ఎక్కినవని రుజువేంది?"

"కత్తి పైననే ఉంది సారు. లొట్టి గూడ."

అందరూ తలలెత్తారు. మట్టల సందులో లొట్టి వేలాడుతోంది. దాని పక్కన ఎండకు ఏదో తళుక్కుమంది. దింపుదామంటే ఊళ్లో ఎక్కేవాడు లేడు. శ్రీశైలం తన బొజ్జ వంక చూసుకుని దగ్గాడు. అధికారి ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

"పడుటకు కారణం?"

"గాలి అని చెప్పు," శ్రీశైలం చెవిలో ఊదాడు. "పెద్ద గాలి అచ్చిందని చెప్పు. నీకు కొత్తనా?"

రాజం దగ్గర ఆ గాలి సిద్ధంగానే ఉంది, కోరుట్ల దాకా వంచగల గాలి. అతను దాన్ని బయటికి తీయలేదు.

"ముచ్చట పెట్టుకుంట మోకు సగమే సదురుకున్న సారు."

"ఫోన్లనా?"

"కాదు. మా ఇంటామెతోని."

శ్రీశైలం తలెత్తి చెట్టు కొన వంక చూశాడు. సమ్మవ్వ పాడె మోసినవాళ్లలో అతనొకడు. అధికారి 'పట్టు తప్పి' అని రాసుకున్నాడు. సంతకాలయ్యాయి. వస్తే చెబుతామన్నారు. బండ్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి.

రాజం చెట్టు మొదట్లో కూర్చున్నాడు. రోడ్డు మీద తెల్ల కారు ఒకటి వచ్చింది. నెత్తిన ఎర్ర క్యారియరు ఉంది, సొట్ట మాత్రం కింది నుంచి అతనికి కనిపించలేదు. వనం ఎదుట అది కొంచెం నెమ్మదించింది, హారన్ ఒకసారి మోగింది, సాగిపోయింది.

"అగో," అన్నాడు రాజం, తల పైకెత్తి. "పోతున్నడు మనోడు."

అంత ఎత్తుకు వినిపించిందో లేదోనని, ఇంకోసారి గట్టిగా చెప్పాడు.