కొత్త గుడ్డ వేసిన పడక్కుర్చీ

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. ఇళ్ళ సామాను ఖాళీ చేయించడమే నా వృత్తి. మనుషులు పోయిన ఇళ్ళు, కాపురాలు విడిపోయిన ఇళ్ళు ఎన్నిటిలోనో ఒంటరిగా తిరిగాను. బొద్దింకలు తప్ప ఏమీ ఎదురుకాలేదు. అందుకే ఈ సంగతిలో నేను మొదట అనుమానించింది మనిషినే. ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఎనభైల్లో సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చేస్తున్నప్పుడు నేనూ యాదగిరీ కలిసి ఒక లారీతో ఇంటి సామాను చేరవేసే కంపెనీ పెట్టాం. మాది తెనాలి వైపు, అతనిది బోరబండ. పార్టీలను నేను పట్టుకొచ్చేవాణ్ణి, ప్యాకింగూ లారీ అతను చూసుకునేవాడు. ఫిల్మ్ నగర్‌లో బండలు పగలగొట్టి ఇల్లు లేపేసరికి ఏళ్ళు పట్టేది. సామాను మాత్రం ముందే దిగిపోయేది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జనం తలలు పట్టుకుంటుంటే షేక్‌పేటలో ఒక రేకుల గోడౌను తీసుకున్నాం. దాని తాళంచెవి యాదగిరి దగ్గరే ఉండేది.

అలా వచ్చిందే రాజ్యలక్ష్మి గారి సామాను. ఆవిడ భర్త సినిమాల్లో సౌండు ఇంజనీరు. జూబ్లీహిల్స్‌లో ఇంటి గోడలు లేస్తుండగానే మద్రాసులో గుండెపోటుతో పోయారు. పోయే ముందు తన టేకు పడక్కుర్చీకి చిరిగిన గుడ్డ తీయించి, కొత్త చారల గుడ్డ వేయించారట. ఒక్కసారైనా దానిలో కూర్చోలేదని ప్యాకింగు రోజున ఆవిడ ఏడ్చారు. కుర్చీ చేతి కర్ర మీద సిగరెట్టు కాలిన మచ్చ ఉంది. దాన్ని గోనెపట్టాలో చుట్టి యాదగిరే కుట్టాడు.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం ఆవిడ ఆటో దిగి నేరుగా మా ఆఫీసులోకి వచ్చారు. మొహం కందిపోయి ఉంది.

"నమ్మి సామాను అప్పగిస్తే షూటింగులకి అద్దెకిస్తారా? మా ఆయన కుర్చీని ఇప్పుడే సినిమాలో చూసొస్తున్నాను. అందులో ఎవర్నో అచ్చం ఆయనలాగే కూర్చోబెట్టారు!"

ఈ మాట ఫిల్మ్ నగర్‌లో పాకితే కంపెనీ మూసుకోవలసిందే. సెట్లకు సామాను సప్లై చేసేవాళ్ళు యాదగిరితో కూర్చుని చాయ్ తాగడం చాలాసార్లు చూశాను. పాత టేకు సామాను కనిపిస్తే వాళ్ళు వదలరు.

అతన్నే అడిగాను. మొహం నల్లబడింది.

"నా మీదనే అనుమానమా అన్నా? పిల్లల మీద ఒట్టు, గా కుర్చీని నేను ముట్టలే. నడువు, నీ కండ్లతోటే చూద్దువు."

కుర్చీ గోడౌనులోనే ఉంది. పట్టా మీద దుమ్ము చెదరలేదు, కుట్టు ఊడలేదు. మళ్ళీ కుట్టి పైన దుమ్ము చల్లి ఉండొచ్చు కదా అనుకున్నాను. సినిమావాళ్ళకి అదెంత పని!

మర్నాడు ముగ్గురం మ్యాట్నీకి వెళ్ళాం. ఆ సీను వచ్చింది. వరండాలో చారల గుడ్డ కుర్చీ, చేతి కర్ర మీద మచ్చతో సహా. యాదగిరి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అదిగో, ఎలా కూర్చున్నారో చూడండి" అన్నారు రాజ్యలక్ష్మి గారు. నాకు కుర్చీ ఖాళీగానే కనిపించింది. యాదగిరికీ అంతే.

ఆ సినిమా ఆర్ట్ అసిస్టెంటును వెతికి పట్టుకున్నాను. "మేం వెళ్ళేసరికే సెట్లో ఉందండీ. సప్లైవాళ్ళు పంపారనుకున్నాం. సాయంత్రానికి కనిపించలేదు, వాళ్ళే తీసుకుపోయారనుకున్నాం" అన్నాడు. దాంతో యాదగిరి మీద నా అనుమానం ఇంకా ముదిరింది.

విచిత్రం, ఆవిడ మళ్ళీ గొడవ చేయలేదు. ఆ సినిమా ఆడినన్నాళ్ళూ రోజూ మ్యాట్నీకి వెళ్ళారని తర్వాత తెలిసింది.

ఇల్లు పూర్తయ్యాక సామాను దింపాం. ఆవిడ ఎదుటే యాదగిరి కుట్టు విప్పాడు. ఎవరూ కూర్చోని కొత్త గుడ్డ సాగిపోయి గుంట పడి ఉంది. ఆ గుంట కూడా మధ్యలో లేదు, ఎడమ పక్కకి ఉంది. నేను యాదగిరి వంక చూశాను. ఆ చూపు అతనికి అర్థమైంది.

రాజ్యలక్ష్మి గారు గుడ్డ మీద చెయ్యి వేసి నిమిరారు.

"ఆయనకి కుడి చెవి వినపడేది కాదండీ. తెలిస్తే పని ఇవ్వరని నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మాత్రం ఇలా ఎడమకి ఒరిగి నా మాట వినేవారు."

యాదగిరి ఆ నెలలోనే తాళంచెవి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అనుమానం వచ్చినంక కల్సి పనిచేసుడు కాదన్నా" అన్నాడు. నేను ఆపలేదు.

అతనే కుర్చీని షూటింగుకి ఇచ్చాడనుకుందాం. భార్యకి తప్ప ఎవరికీ తెలియని ఆ ఒరుగుడు అందులోకి ఎలా వచ్చింది? ఇవ్వలేదంటే, ఉత్తపుణ్యానికి అంత మంచి మనిషిని పోగొట్టుకున్నాను. ఏది నమ్మాలో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత ఏ కుర్చీ ప్యాక్ చేసినా, విప్పేటప్పుడు మాత్రం నేను దగ్గర నిలబడను.