బావ కోసం కట్టిన కంట్రోలర్

మా మామయ్య దుకాణం వెడల్పు ఆరడుగులు. అందులో ఒక బల్ల, ఒక దీపం, ఒక స్టూలు, ఆయన పొట్ట. ఈ నాలుగూ సర్దుకున్నాక ఇంకెవరికీ చోటుండదు కాబట్టి వచ్చినవాళ్ళు గుమ్మం బయటే నిలబడతారు. ఆయన బాగుచేసేది ఒక్కటే వస్తువు, వీడియో గేములాడేటప్పుడు చేతిలో పట్టుకునే కంట్రోలర్. ఎవరైనా ఫోనో టీవీయో తెస్తే తల ఎత్తకుండానే "పక్క వీధి" అంటాడు.

ఆయన్ని అందరూ బొత్తాల డాక్టరు అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కంట్రోలర్ విప్పి, లోపల ఏ రబ్బరు అరిగిందో చూసి, తెచ్చినవాళ్ళ గుణం చెప్పేస్తాడు. "కొట్టే బొత్తాం అరిగిపోయింది, తప్పుకునే బొత్తాం మాత్రం కొత్తదిలా ఉంది. అన్నా, నువ్వు ఇంట్లో కూడా ఎవరి మాటా వినవు కదూ?" అని ఒకాయన్ని అడిగితే, వెనక నిలబడ్డ ఆయన భార్య పకపకా నవ్వింది.

మామయ్యకి ప్రాణం ఒకే రకం ఆటలు. మనం ఒక వీరుణ్ణి ఎంచుకోవాలి, కత్తి పట్టుకుని ఊళ్ళూ అడవులూ తిరగాలి, ఎదురైన రాక్షసుడితో కలబడాలి, గెలిచినకొద్దీ బలం పెంచుకోవాలి. వాటిలో ఆయన చూసేది ఫైటు ఒక్కటే. ఎన్ని రకాలుగా కొట్టొచ్చు, ఎన్ని రకాలుగా తప్పుకోవచ్చు, ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమవుతుంది, ఇదే లెక్క. దాన్ని ఆయన లోతు అంటాడు. లోతు లేని ఆట ఆయన దృష్టిలో ఆటే కాదు.

ఇక ఆయన బావ, అంటే మా నాన్న. నాన్న రంగుల దుకాణంలో రంగులు కలిపేవాడు. రంగు చెప్పే మిషను పక్కనే ఉన్నా నమ్మడు. ఎవరైనా గోడ పెచ్చు తెస్తే దాన్ని వేలి మీద పెట్టుకుని బయట వెలుతుర్లోకి నడిచి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అప్పుడు డబ్బా మూత తీస్తాడు. ఈ ఆటల పిచ్చి నాన్నకి అంటించింది మామయ్యే. కానీ అంటుకున్నది వేరే చోట. నాన్నకి ఒక ఆట ఉంది, మొత్తం నీటిరంగులతో వేసినట్టుంటుంది. కొండలు తడిసినట్టు, ఆకాశం ఇంకా ఆరనట్టు. పదేళ్ళుగా దాన్నే ఆడాడు, ఆడాడనే కంటే అందులో తిరిగాడనాలి.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందుగదిలో ఇదే గొడవ.

"బావా, ఆ ఆటలో ఫైటుకి లోతేదీ? ఒకే బొత్తాం టకటకా నొక్కితే ఆఖరి రాక్షసుడు కూడా పడిపోతాడు. కళ్ళు మూసుకుని ఆడొచ్చు."

"కళ్ళు మూసుకునేవాడికి బొమ్మలెందుకురా? నీ ఆటంతా బురద. ఏది రాయో ఎవడు రాక్షసుడో తెలిసి చావదు."

"వాడు కత్తి ఎత్తి, కొట్టకుండా అర సెకను ఆగుతాడు. అక్కడే మనం మోసపోతాం. అది పట్టుకోడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది తెలుసా?"

"తొమ్మిది రోజులు ఆ బురదనే చూశావా? నీ కళ్ళకో దండంరా బాబూ."

నాన్న ఆటంతా పైపూత అని మామయ్య. మామయ్య ఆటలో రంగు పలచన అని నాన్న. మా అమ్మ లోపల్నుంచి "లేని రాక్షసుల కోసం ఉన్న చుట్టరికం తెంచుకోకండి" అని అరిచేది. నాకు ఓపిక తక్కువ, తలుపేసుకునేదాన్ని. ఆ గొడవ వినబడని ఆదివారం ఒకటి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

నిరుడు వానల మొదట్లో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు, నెమ్మదించింది. ఒక్కో మాటకీ మధ్య మనం ఎదురుచూడాలి. రోజూ మాట్లాడిస్తేనే మాట తిరిగొస్తుందని, వదిలేస్తే ఉన్నది కూడా పోతుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. నాన్నేమో నోరు మెదపడు. ఊ, ఊహూ, అంతే. కిటికీ దగ్గర కూర్చుని ఎదుటింటి గోడ చూస్తుంటాడు. అది సున్నం వెలిసిన గోడ, చూడటానికేమీ లేదు.

మామయ్య రోజూ వచ్చి కావాలనే నీటిరంగుల ఆటని తిట్టిపోసేవాడు. నాన్న వినేవాడు, అంతే. ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపి, "అమ్మాయ్, మీ నాన్న నన్ను తిట్టి నలభై రోజులైందే. ఇలాగే ఊరుకున్నాడంటే ఇంక మాట రాదు. నేనెవరితో పోట్లాడను?" అన్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి. ఆ పూట నవ్వలేదు.

మర్నాటి నుంచి దుకాణానికి మధ్యాహ్నం పూట తలుపులు మూసి ఉండేవి. పదిహేను రోజుల తర్వాత ఆయన ఒక చెక్క పలక తెచ్చాడు. పాత కంట్రోలర్లు అయిదు విప్పి, బొత్తాలు పీకి, ఒంటిచేతికి అందేలా దాని మీద బిగించాడు. ఎడమ బొటనవేలి కింద వీరుణ్ణి నడిపించే పొట్టి స్టిక్. మధ్య మూడు వేళ్ళ కింద కొట్టేవి మూడు రకాలు. అరచేతి కింద తప్పుకునేది. తెర మీది చూపు శత్రువు వైపు దానంతటదే తిరిగేలా చిటికెనవేలికి ఇంకో బొత్తాం.

"కుడిచెయ్యి వెనక జేబులో పెట్టుకుని నేనే ఆడి చూశాను బావా. ముగ్గురు రాక్షసుల్ని చంపాను. ఏదీ, ఓ పట్టు పట్టు!"

నాన్న ఎడమచేత్తో పలక అందుకున్నాడు. తర్వాత ఒళ్ళో పెట్టుకున్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. తెర మీద వీరుణ్ణి నడిపిస్తూ, దారిలో ఎవరితోనూ కలబడకుండా, ఒక కొండ ఎక్కించాడు. అక్కడ ఆగాడు. బొటనవేలు ఏదో వెతికింది. తెర నిండా కొండరాయి, దానికానుకుని వీరుడు. అంతే కనబడుతోంది. నాన్న పలక పక్కన పెట్టేశాడు.

"ఏం బావా, చెయ్యి నొప్పా? బొత్తాలు గట్టిగా ఉన్నాయా?"

నాన్న పెదవులు రెండుసార్లు కదిలాయి. "వెనక... సరస్సుంది. తిరగట్లేదు."

మామయ్య పలక వైపు చూశాడు. ఆ కంట్రోలర్‌లో చూపు తిప్పే స్టిక్ లేదు. మామూలుగా కుడి బొటనవేలి కింద ఉంటుంది, చుట్టూ ఉన్న లోకాన్ని చూపించేది అదే. ఫైటుకి పనికొచ్చేవన్నీ ఒక్కటీ వదలకుండా పెట్టిన మనిషి దాన్ని మాత్రం మర్చిపోయాడు. శత్రువుంటే తప్ప చూపు తిరగని యంత్రాన్ని, శత్రువుల్ని ఏనాడూ పట్టించుకోని మనిషికి కట్టిచ్చాడు.

మా టీవీ బల్ల సొరుగులోంచి నాన్న పాత కంట్రోలర్ తీశాడు మామయ్య. కొట్టే బొత్తాం, తప్పుకునే బొత్తాం కొన్ననాటిలా మెరుస్తున్నాయి. కుడి స్టిక్ మీది రబ్బరు మాత్రం అరిగి, నున్నగా, గుండులా ఉంది. "దీన్ని నేనే అయిదుసార్లు మార్చానే అమ్మాయ్" అన్నాడు నాతో, మెల్లగా. "గుమ్మంలో నిలబడ్డ ప్రతివాడి గుణమూ చెప్పాను. ఇది అయిదుసార్లు చేతిలోకొచ్చినా చదవలేదు." పలక చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు, ముద్దొచ్చాడు.

తర్వాతి ఆదివారం రెండు తెచ్చాడు. ఒకటి గుప్పిట్లో పట్టేంత డబ్బా, దాని మీద స్టిక్ ఒక్కటే, చూపు తిప్పేది. అది నాన్నకి. రెండోది మామూలు కంట్రోలర్, తనకి. రెండూ కలిసి ఆటకి ఒకే మనిషిలా కనబడతాయట. నడవడం, కొట్టడం మామయ్య వంతు. చూడటం నాన్న వంతు.

మామయ్య వీరుణ్ణి నడిపించి కొండ మీద నిలబెట్టాడు. నాన్న బొటనవేలు కదిలింది. రాయి పక్కకి తప్పుకుంది, సరస్సు వచ్చింది. నాన్న అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, గోడ పెచ్చుని తిప్పినట్టే. ఏ ఆటలోనూ రెండు క్షణాలు ఆగని మామయ్య పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. ఈలోగా వెనకనుంచి రాక్షసుడొచ్చాడు.

"బావా, ఎవడో కొడుతున్నాడు. ఇటు తిప్పు!"

"ఆగు."

"చస్తాం బావా!"

"ఆ ఒడ్డున... నీలంలో... పచ్చ కలిపాడు. చూడు."

చచ్చిపోయారు. మళ్ళీ కొండెక్కారు, మళ్ళీ చచ్చిపోయారు. నాన్న భుజాలు అదురుతుంటే భయపడి ముందుకొచ్చాను. నవ్వుతున్నాడు. మూడోసారి చూపు సరిగ్గా వేళకి తిప్పాడు, మామయ్య ఒకే బొత్తాం నాలుగుసార్లు నొక్కాడు, రాక్షసుడు పడిపోయాడు.

నాన్న తెర చూస్తూ మాటలు కూడగట్టుకున్నాడు.

"ఒకే బొత్తాం. నువ్వన్నది... నిజమేరా. ఫైటు... మరీ పలచన."

మామయ్య దిగ్గున లేచాడు. "పలచనా? ఇంత అందమైన ఆటని పట్టుకుని పలచనంటావా? ఆ ఆకాశం చూశావా బావా? ఆ నీళ్ళు చూశావా? ఫైటుదేముంది, ఏ బురద ఆటలోనైనా దొరుకుతుంది!" అరుస్తున్నాడు, కళ్ళ నీళ్ళు బుగ్గల మీదుగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"బురదలో... లోతుంది" అన్నాడు నాన్న. "నువ్వే... చెప్పావు."

"నేను చెబితే నమ్మేస్తావా? బుద్ధుండక్కర్లే?"

గరిటె చేత్తో పట్టుకుని అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఎప్పటిలా అరుస్తుందనుకున్నాను. చాలాసేపు అక్కడే నిలబడి వాళ్ళ గొడవ విన్నది.