నా చేతిలోని సీసా నీళ్లు

నేను గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన మూడో ఏడు. కార్తీక మాసంలో తుఫాను పట్టింది. వాన కోసం ఎదురుచూసి కళ్లు కాయలు కాసే మా పడమటి ప్రకాశంలో నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. యర్రగొండపాలెం అవతల, నల్లమల అంచున ఒక చిన్న పల్లెకు మంచినీళ్లు తీసుకెళ్లే పైపులైను వాగులో కొట్టుకుపోయింది. ఊరికున్న ఒక్క చేదబావిలోకి వరద నీరు చేరింది. పైపులైను బాగయ్యేదాకా ట్యాంకరుతో నీళ్లందించే పని నాకు అప్పగించారు.

ఇప్పుడు తలచుకుంటే ఆ రోజులన్నీ మంచులోంచి కనబడుతున్నట్టే ఉంటాయి. కొండలు ఉన్నాయో కరిగిపోయాయో తెలిసేది కాదు. దారి పక్కన కంది చేలు తడిసి, ఎవరో మాట్లాడతారని ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉండేవి. ఎటు తిరిగినా నీళ్లు పారుతున్న చప్పుడే, ఎక్కడ పారుతున్నాయో మాత్రం కనబడదు. పుట్టి బుద్ధెరిగాక నేను నీళ్లు లేని ఊళ్లనే చూశాను. ఇన్ని నీళ్ల మధ్య తాగడానికి చుక్క లేని ఊరు నాకు కలలో ఊరిలా అనిపించింది.

ఆ పల్లెలో నలభై గడపలుంటాయి. అందరూ కూలినాలి చేసుకునేవాళ్లు. చర్చి పక్కన ఒక నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించి నింపాం. ఒక్కరూ బిందె పట్టుకుని రాలేదు. మా ట్యాంకరు డ్రైవరు ఖాసిం అన్న వెళ్లి విచారించి వచ్చాడు. మన నీళ్లు బ్లీచింగు వాసన కొడుతున్నాయట. బావి నీళ్లే తోడుకుని, కుండలో చిల్లగింజ అరగదీస్తే తెల్లారేసరికి మన్నంతా అడుగుకు చేరి అద్దంలా తేరుకుంటున్నాయట. అద్దంలా తేరుకునే మాట నిజమే. కానీ వరదతో వచ్చిన రోగం మన్నుతో పాటు అడుగుకు పోదు. అప్పటికే రెండిళ్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి.

ఊళ్లో ఆడవాళ్లంతా కరుణమ్మ అనే ముసలావిడ మాట వింటారని తెలిసింది. ఆమె ఇంటికే వెళ్లాం. కాన్పుకొచ్చిన కూతురు సలోమి నిండు నెలలతో గోడకానుకుని కూర్చుని, చెంబెడు బావి నీళ్లు తాగుతోంది. ఆ స్థితిలో విరేచనాలు పట్టుకుంటే, వాగుకు అవతలున్న ఆ ఊరి నుంచి ఆస్పత్రికి చేరేదెప్పుడు?

కళ్లతో చూస్తే నమ్ముతారని క్లోరోస్కోప్ తీశాను. నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ ఇంకా మిగిలి ఉందో లేదో చూపించే చిన్న పెట్టె అది. గాజు గొట్టంలో నీళ్లు పోసి, మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. ట్యాంకరు నీళ్లు చక్కగా పసుపెక్కాయి. నేను గొట్టం పైకెత్తి అందరికీ గర్వంగా చూపించాను.

కరుణమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. "నీళ్లకే కామెర్లు వచ్చినాయి గదమ్మా. తాగిన మనిషికి రావా?" అంది.

బావి నీళ్లకు రంగు రాలేదు. అక్కడున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడామె నా చేతిలోని సీసా వైపు వేలు చూపించి, అవి కూడా పోసి చూడమంది. మార్కాపురంలో మా ఇంట్లో, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అని, ఫిల్టరు ప్లాంటు నీళ్లే తాగుతాం. వాటిలో క్లోరిన్ ఉండదు. చుక్కలు పడకముందే నాకు ఫలితం తెలుసు. గొట్టంలో నీళ్లు తెల్లగానే ఉండిపోయాయి.

"మా బావి నీళ్లు, నువ్వు తాగే నీళ్లు ఒక్క తీరున ఉండాయి. మాకు తెచ్చినవే వేరేగా ఉండాయి తల్లీ. నువ్వు తాగనివి మాకెట్ల పోస్తావు?"

తల కొట్టేసినట్టయింది. రంగు రావడమే మంచి గుర్తని, మందు నీళ్లకు కావలి కాస్తోందని ఎంతో చెప్పాను. నా మాటలు నాకే బొంకులా వినబడ్డాయి. చివరికి సీసా గుమ్మరించేసి, ట్యాంకరు దగ్గర నింపుకుని, అందరి ముందూ గటగటా తాగాను. మొహం చిట్లించకూడదనుకున్నాను కానీ చిట్లించే ఉంటాను. కరుణమ్మ మొదటిసారి నవ్వింది.

"రేపు పొద్దున రా. నువ్వు బాగుంటే మా సలోమికి పోస్తా" అంది. అప్పటిదాకా బావి నీళ్లు మరగకాచి ఇస్తానని మాటిచ్చింది.

తెల్లవారేసరికి కొండల్లో మళ్లీ వాన. చప్టా మీద నిలువెత్తున వాగు పోతోంది. దాటే పని కాదని ఖాసిం అన్న బండి ఆపేశాడు. ఫోనుకు సిగ్నలు లేదు. వాగు వచ్చిందని వాళ్లకూ తెలుసు. కానీ నేను కనబడకపోతే, ఆ నీళ్లు తాగి మంచాన పడిందనుకోరని నమ్మకమేమిటి? ఊళ్లో నిండు ట్యాంకు ఉంది. దాని మూత తెరవాలంటే నేను బాగున్నట్టు కనబడాలి.

ఒడ్డున నిలబడ్డాను. ముందు మంచు, కింద ఎర్రటి నీళ్లు, నేను తేలిపోతున్నానో వాగు నిలిచిపోయిందో తెలియని స్థితి. ఎంతసేపటికో అవతలి ఒడ్డున, నెత్తిన గోనెసంచి కప్పుకుని ఒక ఆకారం వచ్చి నిలబడింది. కరుణమ్మ. అరిస్తే వినబడదు. సీసా ఎత్తి చూపించి తాగాను. ఆమె కదల్లేదు. తర్వాత చెయ్యి అటూ ఇటూ ఊపింది. నడిచి చూపించమంటోంది. ఒడ్డు వెంట బురదలో ఆ కొసకూ ఈ కొసకూ నడిచాను. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అంత పరీక్షగా చూడలేదు. ఆమె తలూపి మంచులోకి వెళ్లిపోయింది. నాకు ఎందుకో ఏడుపొచ్చింది.

రెండు రోజులకు వాగు తీసింది. ట్యాంకరుతో వెళ్లి నల్ల ట్యాంకు మూత తెరిచి చూస్తే, అడుగు కనబడుతోంది. కరుణమ్మ ఎదురొచ్చి, ఆశా కార్యకర్త సాయంతో సలోమికి సుఖంగా కాన్పయిందని, ఆడపిల్ల అని చెప్పింది. వెంటనే గొంతు మార్చి, "నీళ్లయిపోయి పూటాయె. ఇప్పుడా వచ్చేది?" అని కసురుకుంది. ఉద్యోగంలో అంత తియ్యటి తిట్టు మళ్లీ తినలేదు.

పరీక్షలు నేను వేలసార్లు చేసుంటాను. వాగు ఒడ్డున మాత్రం ఆ గాజు గొట్టం నేనే అయ్యాను. నీళ్ల మంచిచెడ్డలు రంగులో తేలవని, తెచ్చిన మనిషి తాగుతుందా లేదా అన్న దగ్గర తేలతాయని ఆ పల్లె నేర్పింది. ఇప్పటికీ వరదకైనా కరువుకైనా ట్యాంకరు వెంట బయలుదేరితే, ఇంటి నుంచి సీసా ఖాళీగానే తీసుకెళ్తాను. నింపుకునేది అక్కడే, నలుగురూ చూస్తుండగా.