ఇంజన్లో తగ్గని ఆయిలు

పోయిన ఏడాది ఫిబ్రవరి మొదటి మంగళవారం, ఉదయం తొమ్మిదింబావుకు మొదలైంది. దయ్యాలనీ, గాలి సోకడాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూసినదాన్ని. వచ్చినదీ పోయినదీ సరిపోవాలి, నాకు తెలిసింది అంతే.

మా పెళ్లయిన కొత్తలో కొన్న కారు ఆయిలు కారుతోందని, ఆ జనవరి ఆఖర్లో మా ఆయన దాని ఇంజన్ మొత్తం విప్పించి కొత్తగా కట్టించారు. అప్పుడే తిరుపతి ఆసుపత్రిలో ఆయన గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. నెల దాటనివ్వద్దన్నారు. తిరిగి వస్తూ ఈయన కాణిపాకంలో దిగి, సత్యప్రమాణాల వినాయకుడి ముందు మాటిచ్చేశారు. ఒక్క చుక్క ఆయిలు కారకుండా కారును తానే నడిపి గుడికి తెచ్చాకే ఆపరేషన్ అని. వారంలో తెమిలే పనే అనుకున్నాం. అక్కడన్న మాట తప్పమని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ మంగళవారం ఇంజన్ స్టార్ట్ చేశారు. కింద నేల తడిసింది.

ఇంజన్ కట్టిన మెకానిక్ ఖాదర్ రేణిగుంట నుంచి వచ్చి, ఆయిలు కారకుండా ఆపే సీళ్లు, గాస్కెట్లు మార్చాడు. మళ్లీ కారింది. మళ్లీ విప్పాడు.

"పెద్దమ్మా, పెద్దాయన కంటే ఈ బండే మొండిది" అన్నాడు.

"నేనే నయం రా. నన్ను ఒక్కసారి విప్పేదానికే డాక్టర్లు ఆలోచిస్తా ఉండారు. దాన్ని నువ్వు మూడుసార్లు విప్పితివి" అని ఈయన నవ్వారు.

చివరికి ఖాదర్ ఇంజన్ను శుభ్రంగా తుడిచి, దానిమీదంతా ముఖం పౌడరు చల్లాడు. ఎక్కడ కారితే అక్కడ పౌడరు తడిసి జాడ కనిపిస్తుంది. కింద స్టీలు బేసిన్ పెట్టి గంటసేపు నడిపించాడు.

బేసిన్లో రెండు వేళ్ల మందాన ఆయిలు. పౌడరు ఎక్కడా తడవలేదు. టార్చి వేసి నేనే చూశాను. ఆయిలు కొలిచే పుల్ల తీస్తే లోపల ఆయిలు పై గీత దాకా అలాగే ఉంది.

రోజూ బేసిన్లోది కొలిచి క్యానులో పోశాను. వారం తిరిగేసరికి ఇంజన్లో పోసినదానికంటే క్యానులోదే ఎక్కువైంది. ఖాదర్ పుల్లను తుడిచి ముంచాడు, మళ్లీ తుడిచి ముంచాడు.

"ఇది యాడ్నించి వస్తా ఉండాది పెద్దమ్మా?"

ఆ తర్వాత అతను మా ఇంట్లో నవ్వలేదు.

నెల గడువు దాటిపోయింది. ఒక పొద్దున ఈయన కాళ్లు పట్టుకున్నాను.

"కారలేదనుకోయ్యా. పోదాం పా."

"అబద్ధం మోసుకోని పొయ్యే చోటా అది?" అన్నారు.

ఆ వారమే గురువారం మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని, బేసిన్ కేసి చూస్తూనే పక్కకు ఒరిగిపోయారు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఖాదరే ఆపాడు.

కర్మలయ్యాక ఖాదర్ ఒక్క బోల్టూ ముట్టకుండా మళ్లీ స్టార్ట్ చేశాడు. గంట నడిచినా బేసిన్ పొడిగానే ఉంది. ఇప్పటికీ కారదు.

పోయినవి రాస్తున్నాను. మా ఆయన, డెబ్బై రెండేళ్లు. ఆపరేషన్‌కు ఇచ్చిన నెల. ఇంజన్లోంచి పోయిన ఆయిలు, చుక్క కూడా లేదు.